విరగని మురుకు

నిరుటి దీపావళికి మా అమ్మ నగరి నుండి నాకొక పెట్టె పంపింది. అందులో నిప్పట్లు, మురుకులు, కొన్ని కజ్జికాయలు ఉన్నాయని ఫోనులో ముందే చెప్పింది. హైదరాబాదులో పెట్టె విప్పేసరికి నిప్పట్లు అన్నవి లేవు. నిప్పట్లు అయి ఉండిన పిండి, పప్పు, కరివేపాకు ముక్కలు ఉన్నాయి. మురుకుల చుట్లు విడిపోయి, తెలియని లిపిలో వ్రాసిన అక్షరాలలాగా పెట్టె అడుగున పరచుకున్నాయి. కజ్జికాయలు మాత్రం మూలల దగ్గర కొద్దిగా చెక్కుకుపోయి క్షేమంగా ఉన్నాయి. ఎవరి ద్వారా వచ్చిందో చెప్పను, ఆ దారిలో ఏ పెట్టెకైనా అదే గతి పట్టి ఉండేది.

అమ్మకు చెబితే ముందు నవ్వింది. "పొడి అయితే ఏముంది నాయనా, పెరుగన్నంలో నంచుకో" అంది. తరువాత కాసేపు ఊరుకుని, "మీ అవ్వ సర్దింటే ఒకటీ విరిగేది కాదు" అంది. ఆ రెండో మాట నన్ను వదలలేదు. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం అదే.

అవ్వ సర్దడం నేను చూశాను. మద్రాసులో ఉన్న మా చిన్నాన్నకు ఏటా పండుగకు ఒక రేకు డబ్బా వెళ్ళేది. పాత బిస్కెట్ల డబ్బా, చదరపుది, మూత బిగుతుగా పట్టేది. అడుగున వార్తాపత్రిక, దానిమీద రెండు వ్రేళ్ళ మందాన బొరుగులు పోసేది. నిప్పట్లను ఒకదానిపై ఒకటి పడుకోబెట్టేది కాదు. నాణేల దొంతరను ప్రక్కకు వాల్చినట్టు అంచులమీద నిలబెట్టి వరుసలు పేర్చేది. మురుకులను మాత్రం పడుకోబెట్టి స్తంభాలుగా పేర్చేది. ఎక్కడ సందు కనబడినా గుప్పెడు బొరుగులు. మధ్యమధ్య డబ్బాను ఒడిలో పెట్టుకుని మెల్లగా తట్టేది, బొరుగులు క్రిందికి జారి ఖాళీలు నిండేదాకా. చివర ఉతికిన పాత పంచె ముక్క కప్పి, మూత బిగించి, మూత అంచు చుట్టూ మైదా జిగురుతో కాగితపు పట్టీ అంటించేది. ఆ డబ్బా గోనెసంచిలోకి వెళ్ళేది. గోనెకూ డబ్బాకూ నడుమ మగ్గాల దగ్గర దొరికే వ్యర్థపు నూలు కుక్కేవారు. నగరి మరమగ్గాల ఊరు కనుక నూలు చెత్తకు మాకు కరవు లేదు.

చూస్తున్నప్పుడు ఇందులో విద్య ఉందని నాకు తట్టలేదు. ఇప్పుడు ప్యాకింగు గురించి చదువుతుంటే ఆవిడ చేసిన ఒక్కొక్క పనికీ ఒక కారణం కనబడుతోంది. ఆ కారణాల వెనుక ఒక చరిత్ర కూడా ఉంది. అయితే అది ఎక్కువగా ఇతరుల పేర్లతో వ్రాయబడి ఉంది.

ముందు మురుకు ఎందుకు విరుగుతుందో చూద్దాం. పిండిని నూనెలో వేసినప్పుడు బుసబుసమని వచ్చేది దానిలోని నీరే. ఆ బుడగలు ఆగాయంటే తేమ దాదాపు పోయిందన్నమాట, వంట తెలిసినవారు దానిని చూసే తీస్తారు. తేమ పోయిన పిండిపదార్థం గాజువంటి స్థితికి వస్తుంది. వంగదు, వంచితే పుటుక్కుమంటుంది. మనం కరకర అని మెచ్చుకునేది ఆ గాజు పంటి క్రింద పగిలే చప్పుడునే. అంటే ఏ గుణం కోసం మురుకును తింటున్నామో ఆ గుణమే దాన్ని ప్రయాణానికి పనికిరాకుండా చేస్తున్నది. విరగని మురుకు కావాలంటే సులువే, నాలుగు రోజులు గాలికి పెడితే నెమ్మెక్కి వంగుతుంది. కానీ దాన్ని తినేదెవరు?

కనుక కాపాడవలసింది ఇద్దరు శత్రువుల నుండి. ఒకటి కుదుపు, రెండోది తేమ. మా ప్రాంతంలో ఈ రెండోది మరీ చెడ్డది. చిత్తూరు జిల్లా తూర్పు అంచుకు ఈశాన్య ఋతుపవనాల వానలు ఆశ్వయుజ కార్తీకాలలో వస్తాయి. దీపావళి సరిగ్గా అప్పుడే. ఏడాదిలో గాలి బాగా తడిగా ఉండే వారాలలోనే మనవాళ్ళు అతి పెళుసైన పిండివంటలు చేయాలని ఎవరు నిర్ణయించారో కానీ, ఆ నిర్ణయం వలన మూత బిగించే విద్య ఇంటింటా అలవడింది.

ఇంకొక చిత్రం ఉంది. కొన్నిసార్లు కుదుపు లేకుండానే విరుగుతాయి. కర్మాగారాలలో బిస్కెట్లు పొయ్యి నుండి చక్కగా వచ్చి, పెట్టెలో చేరిన తరువాత తమంతట తామే బీటలు వారుతుంటాయి. ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో లేజరు కాంతితో దీనిని కొలిచి చూపించారు. చల్లారేటప్పుడు బిస్కెట్టు అంచు గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, నడిమి భాగమేమో తేమను కోల్పోయి ముడుచుకుంటుంది. ఆ లాగుడుకు సన్నని బీట పుడుతుంది, తరువాత చిన్న తాకిడి చాలు. మా అవ్వ వేడి నిప్పట్లను డబ్బాలో వేయనిచ్చేది కాదు, గాలి తగిలే చోటా ఉంచనిచ్చేది కాదు. చాటలో పరచి పైన గుడ్డ కప్పి ఆరనిచ్చేది. కారణం అడిగితే "పగుల్తాయి" అన్నది ఒక్కటే జవాబు. నాకు ఆ జవాబు చాలలేదు అప్పట్లో.

రేకు డబ్బాలు రాకముందు ఎలా ఉండేది? మట్టి కుండ, వెదురు గంప, తాటాకు బుట్ట, విస్తరాకు. పుట్టింటి సారె గంపలలో వెళ్ళేది, మోసేది తలపైనో ఎద్దుబండిలోనో. దూరాలు తక్కువ. పైగా దూరం వెళ్ళే పిండివంటలను గమనిస్తే అవన్నీ విరగని జాతికి చెందినవి: అరిసెలు (మా వైపు అత్తిరసాలు), బెల్లపు ఉండలు, సున్నుండలు. పాకం వాటిని పట్టి ఉంచుతుంది, నెయ్యి మెత్తగా ఉంచుతుంది. పెళుసైనవి చేసిన ఊళ్ళోనే ఖర్చయ్యేవి.

తిరుమల శాసనాలలో దీనికొక మంచి సాక్ష్యం ఉంది. 1930లలో దేవస్థానం అచ్చువేసిన శాసన సంపుటాలలో 15, 16వ శతాబ్దాల దాతలు ఏర్పాటు చేసిన నైవేద్యాల జాబితాలు వరుసగా కనబడతాయి: అప్పం, అతిరసం, వడ, సుఖియం, మనోహరం. ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందే పద్ధతి ఉండేది. ఆ వంతు కొండ దిగవలసినదే. ఆ జాబితాలో నన్ను ఆకర్షించింది మనోహరం. నేడు ఆ పేరుతో మనం ఎరిగిన వంటకం ఏమిటి? జంతికల వంటి వాటిని వేయించి, ముక్కలుగా విరిచి, బెల్లపు పాకంలో వేసి ఉండ కట్టడం. అంటే విరగడమన్న ప్రమాదాన్ని వంటవాడే ముందుగా తన చేతులతో జరిపించి, ఆ ముక్కలను పాకంతో అతికించేశాడు. ఇక విరగడానికి ఏముంది? పాకం పూత తేమనూ కొంత అడ్డుకుంటుంది. పెట్టెను వంటకం లోపలే పెట్టిన ఉపాయమిది. శాసనాలనాటి మనోహరం అచ్చంగా ఇదేనని పట్టుబట్టను కానీ, పేరూ ఉపాయమూ ఇన్నేళ్ళు కలిసి నిలవడం కాకతాళీయం కాదని నా నమ్మకం.

లడ్డూ సంగతీ అంతే. బూందీ విడివిడిగా ఉంటే రాలిపోతుంది, పాకం పట్టి ఉంచుతుంది. దానికి కావలసింది కుదుపు నుండి రక్షణ కన్నా నెయ్యి అంటకుండా ఉండే సంచీ. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ ప్రసాదానికి ప్లాస్టిక్ సంచుల బదులు, నేలలో కలిసిపోయేవి అని డీఆర్‌డీవో రూపొందించిన సంచులను 2021 ఆగస్టులో తిరుమలలో ప్రవేశపెట్టారు. క్షిపణులు చేసే సంస్థ లడ్డూ సంచీ చేయవలసి వచ్చిందంటే ఈ సమస్యను తేలికగా తీసుకోలేము.

సరే, రేకు డబ్బా కథకు వద్దాం. లండను పడమట రెడింగు పట్టణంలో 1822లో జోసెఫ్ హంట్లీ అనే ఆయన బిస్కెట్ల దుకాణం తెరిచాడు. ఎదురుగా ఉన్న సత్రం దగ్గర గుర్రపు బండ్లు ఆగేవి, ప్రయాణికులు కొనుక్కునేవారు. దారి కుదుపులకు బిస్కెట్లు విరుగుతున్నాయని అతడు చిన్న కొడుకు చేత రేకు డబ్బాలు చేయించాడు, ఆ కొడుకు 1832లో వీధికి అవతల ఇనుప సామానుల అంగడి పెట్టుకున్నాడు. 1841లో జార్జి పామర్ భాగస్వామిగా చేరిన తరువాత హంట్లీ అండ్ పామర్స్ పేరుతో ఆ డబ్బాలు ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగాయి, మన దేశానికీ వచ్చాయి. 1892లో కలకత్తాలో మొదలైన బ్రిటానియా వంటి సంస్థల వలన బిస్కెట్ల డబ్బా ఇక్కడే తయారయ్యే వస్తువయింది. 1937లో బజారుకు వచ్చిన డాల్డా దాని తరువాతి మెట్టు. నెయ్యి తినేవారు డాల్డాను తిట్టారు కానీ, పసుపుపచ్చ డబ్బాను మాత్రం ఎవరూ పారేయలేదు. కిరసనాయిలు డబ్బాలను బాగా కడిగి, ఎండబెట్టి, పైన మూత కోయించుకుని బియ్యానికీ మురుకులకూ వాడినవారు మా వీధిలోనే ఉండేవారు. ఎంత కడిగినా ఆ వాసన పోదని ఇంకొందరు ఎగతాళి చేసేవారు.

రేకు డబ్బా గొప్పతనం రెండు శత్రువులనూ ఒకేసారి ఎదుర్కోవడం. తేమ దూరదు, మీద ఎంత బరువు పెట్టినా గోడలే మోస్తాయి, లోపలివాటికి భారం తెలియదు. ఒక్క లోపం: లోపల ఖాళీ ఉంటే గోడలు చేయగలిగింది ఏమీ లేదు. ప్రతి కుదుపుకూ లోపలివి ఎగిరి పడతాయి, ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, రాలిన నలుసులు సందుల గుండా అడుగుకు జారి పైన కొత్త ఖాళీ చేస్తాయి. అలా విరుగుడు విరుగుడును పెంచుతుంది. అవ్వ డబ్బాను తట్టింది ఆ జారుడును ప్రయాణానికి ముందే ముగించడానికి. అంచులమీద నిలబెట్టింది పళ్ళెంలాంటి వస్తువు అడ్డంగా పడుకున్నప్పుడు పైబరువుకు వంగి నడుమ విరుగుతుంది కనుక. పింగాణీ పళ్ళేలు సర్దేవారు కూడా నిలువుగానే పెడతారు.

ఇక్కడొక పక్కదారి. మా పక్కనే పుత్తూరు. ఎముకలు విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుండో వస్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు. ఆ కట్టు సారమంతా విరిగినదాన్ని కదలనీయకపోవడమే. డబ్బాలో కుక్కిన బొరుగులు చేసేదీ అదే, కాకపోతే విరగక ముందు. విరగనివ్వని విద్యకూ విరిగినదాన్ని కట్టే విద్యకూ మూలసూత్రం ఒకటేనని ఈ వ్యాసం వ్రాస్తుండగా తోచింది.

కుక్కడానికి మనకు ఎప్పుడూ ఎండుగడ్డి ఉండేది. మామిడిపండ్లు గడ్డిలో, లాంతరు చిమ్నీలు గడ్డిలో, గాజులు గడ్డిలో. మనం ఈ రోజు చూసే ముడతల అట్ట కూడా గడ్డికి బదులుగా వచ్చినదే. 1856లో ఇంగ్లండులో హీలీ, అలెన్ అనే ఇద్దరు ముడతలు పెట్టిన కాగితానికి పేటెంటు తీసుకున్నారు, దేనికంటే పొడవాటి టోపీల లోపలి అస్తరుకు. దానిని సీసాలకూ దీపపు చిమ్నీలకూ చుట్టవచ్చునని 1871లో న్యూయార్కులో ఆల్బర్ట్ జోన్స్ కనిపెట్టాడు. 1874లో ఆలివర్ లాంగ్ ముడతలు సాగిపోకుండా ఇంకొక కాగితం అంటించాడు. గాజును కాపాడడానికి పుట్టిన అట్ట తరువాత గాజులాంటి తినుబండారాలను మోయడం సహజమే.

ఇప్పుడు ఇద్దరు అమెరికనుల గురించి. వీరిద్దరినీ ఎదురెదురుగా పెట్టి చూడాలని నా కోరిక.

మొదటి వ్యక్తి లారా స్కడర్. కాలిఫోర్నియాలో మాంటెరీ పార్కు అనే ఊళ్ళో 1926లో ఆలుగడ్డ చిప్స్ వ్యాపారం మొదలుపెట్టింది. అప్పటికి చిప్స్‌ను పెద్ద పీపాలలోనో గాజు పెట్టెలలోనో ఉంచి అంగడివాళ్ళు కొలిచి ఇచ్చేవారు. పీపా అడుగుకు వచ్చేసరికి మెత్తబడిన పొడి మిగిలేది. ఆవిడ తన దగ్గర పనిచేసే ఆడవాళ్ళకు మైనపు కాగితాలు ఇచ్చి ఇంటికి పంపేది. వాళ్ళు రాత్రిపూట ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించి సంచులు చేసి తెచ్చేవారు. మరునాడు వాటిలో చిప్స్ నింపి మళ్ళీ ఇస్త్రీపెట్టెతోనే మూసేవారు. మనం నేడు చింపుతున్న ప్రతి పొట్లానికీ పూర్వీకురాలు ఆ ఇస్త్రీ సంచీ. లారా స్కడర్ పేరు చరిత్రకెక్కింది. ఇస్త్రీ చేసిన ఆడవాళ్ళలో ఒక్కరి పేరూ నా కంట పడలేదు.

రెండో వ్యక్తి ఫ్రెడరిక్ బౌర్, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో రసాయన శాస్త్రవేత్త. సంచులలో గాలే ఎక్కువ, చిప్స్ విరిగి జిడ్డుగా ఉంటున్నాయి అన్న ఫిర్యాదులకు పరిష్కారం కనిపెట్టమని 1950లలో ఆయనకు అప్పగించారు. ఆయన ఆలుగడ్డ ముక్క వైపు నుండి కాక పెట్టె వైపు నుండి ఆలోచించాడు. ఏ ఆలుగడ్డను కోసినా రెండు ముక్కలు ఒకేలా ఉండవు, ఒకేలా లేనివి ఒద్దికగా పేరవు. కనుక ఆలుగడ్డనే పిండి చేసి, ముద్ద కలిపి, గుర్రపు జీను ఆకారంలో ఒకే అచ్చుగా వేయించి, గొట్టంలో దొంతరగా పేర్చాలి. జీను వంపు వలన పలుచని బిళ్ళకు బలం వస్తుంది, ఒకదాని ఒడిలో ఒకటి ఒదుగుతాయి, ఎగరడానికి ఖాళీ ఉండదు. 1968లో ప్రింగిల్స్ బజారుకు వచ్చింది, గొట్టానికి 1970లో పేటెంటు దొరికింది. బౌర్ 2008లో మరణించినప్పుడు ఆయన కోరిక ప్రకారం చితాభస్మంలో కొంత భాగాన్ని ప్రింగిల్స్ గొట్టంలోనే ఉంచి ఖననం చేశారు. తన పని మీద ఇంతటి మమకారం ఉన్నవాణ్ణి విమర్శించడానికి నోరు రాదు.

అయినా ఒక మాట అనక తప్పదు. బౌర్ పద్ధతిలో పెట్టె గెలిచింది, తినుబండారం ఓడింది. పెట్టెకు పట్టేలా తిండిని మార్చుకోవడం ఒకసారి మొదలైతే దానికి అంతుండదు. చేతితో తిప్పిన మురుకులో ఏ రెండు చుట్లూ ఒకలా ఉండవు. మెత్తని చేయి తిప్పింది ఒకలా, తొందరపడిన చేయి తిప్పింది ఇంకోలా. దానిని గొట్టంలో పేర్చాలంటే యంత్రం తిప్పాలి. దుకాణాలలో ప్లాస్టిక్ గుంతల తట్టలలో సమానంగా కూర్చున్న యంత్రపు మురుకులను చూసినప్పుడు నాకు అవి బడిలో యూనిఫారం వేసుకున్న పిల్లలలాగా తోస్తాయి. విరగలేదు నిజమే.

దీనికి సరిగ్గా ఎదురు దారి మన గోదావరి జిల్లా ఆత్రేయపురంలో ఉంది. పూతరేకు కన్నా పెళుసైన తినుబండారాన్ని నేనెరుగను. జయ రకం బియ్యపు పిండిని పలుచగా కలిపి, బోర్లించిన వేడి కుండమీద ఆ పిండిలో ముంచిన గుడ్డను ఒక్కసారి లాగితే కాగితం కన్నా పలుచని పొర వస్తుంది. ఆ ఎండు రేకును అలాగే మడవబోతే ముక్కలవుతుంది. అందుకని తడిగుడ్డతో మెత్తగా అద్ది, రేకు వంగే స్థితికి రాగానే నెయ్యీ చక్కెర పొడో బెల్లమో వేసి మడుస్తారు. మురుకును పాడుచేసే తేమే ఇక్కడ రేకును కాపాడుతున్నది, కొలత తెలిసిన చేతిలో. మడతల మధ్య నెయ్యి ఉంటుంది, పొరలు ఒకదానికొకటి దిండ్లు అవుతాయి. అలా మడిచిన పూతరేకు అట్టపెట్టెలో దూరదేశాలకు వెళుతోంది. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే ఏడు తమిళనాట మణప్పారై మురుకుకూ వచ్చింది. గుర్తింపు పత్రాలలో బియ్యం, నీరు, చేతి నేర్పు గురించి ఉంటుంది. సర్దే నేర్పుకు అలాంటి పత్రం ఏదీ లేదు.

1990ల తరువాత మన బడ్డీకొట్లలో వ్రేలాడిన ఉబ్బిన పొట్లాల గురించి మీకందరికీ తెలుసు. లోపల ఉన్నది నత్రజని. ఆమ్లజని లేకపోవడంతో నూనె కనరెక్కదు, ఉబ్బు దిండులా పనిచేసి నలగనివ్వదు. సగం పొట్లం గాలేనని తిట్టుకుంటాం కానీ ఆ గాలి మా అవ్వ బొరుగుల పనే చేస్తున్నది. (తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చిప్స్ పొట్లం ఒకటి వెంట ఉంచుకుని చూడండి. సుమారు మూడు వేల అడుగుల ఎత్తుకు బయటి గాలి పీడనం తగ్గి అది ఇంకా ఉబ్బుతుంది.) తేడా ఏమిటంటే బొరుగులను తినేయవచ్చు. పొట్లం మాత్రం రెండుమూడు రకాల ప్లాస్టిక్ పొరలు, పలుచని లోహపు పూత అతికించి చేసినది, విడదీయడం కష్టం కనుక పాత సామాను కొనేవాడు కూడా ముట్టుకోడు. 2022 జూలై 1 నుండి దేశంలో నిషేధించిన ఒక్కసారి వాడే ప్లాస్టిక్ వస్తువులలో స్ట్రాలూ స్పూన్లూ ఉన్నాయి, ఈ పొట్లాలు లేవు. ఊరి చివర కాలువలో తేలేవి మాత్రం అవే.

ఇంట్లో పిండివంటలు చేసి అమ్ముకునే ఆడవాళ్ళు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళకు నత్రజని యంత్రం అందుబాటులో ఉండదు, రేకు డబ్బా ఖరీదు లోపలి సరకును మించిపోతుంది. ఉన్నది పలుచని ప్లాస్టిక్ సంచీ, మూయడానికి చిన్న సీలింగు మిషను. దూరం పంపితే విరుగుతుంది, విరిగితే డబ్బు వాపసు. విరిగిన సరకును తూకం తగ్గించి పొడిగా అమ్ముకోవాలి. విరుగుడు ఖర్చు ఎప్పుడూ చివరకు చేసిన చేతిమీదే పడుతుంది. ఈ చరిత్రలో నాకు నిజంగా పట్టింపు ఉన్న చోటు ఇదే. హంట్లీ కొడుకు లాంటి రేకు పనివాడు పక్కింట్లో ఉండే అదృష్టం అందరికీ లేదు. కానీ అంచులమీద నిలబెట్టడానికీ, సందులు నింపడానికీ, తట్టి సర్దడానికీ ఖర్చేమీ లేదు. ఎవరో ఒకరు చెప్పాలి, అంతే. చెప్పవలసినవాళ్ళు చెప్పకుండానే వెళ్ళిపోతున్నారు, ఎందుకంటే అది చెప్పదగిన విషయమని మనం వాళ్ళకు ఎన్నడూ తెలియనివ్వలేదు.

సంక్రాంతికి నగరి వెళ్ళినప్పుడు అటక మీది అవ్వ డబ్బాను దింపాను. మూలల తుప్పు తినేసింది, మూత వంకరపోయి పట్టదు. ఎదురింటి మగ్గాల షెడ్డులో నూలు కండెలు వచ్చిన అట్టపెట్టె ఒకటి అడిగి తెచ్చాను. లోపల మందపాటి ప్లాస్టిక్ సంచీ, ఇది తప్పలేదు. అమ్మా నేనూ క్రింద కూర్చుని, ఆవిడ గుర్తు తెచ్చుకుంటూ చెబుతుంటే, నేను నిప్పట్లను నిలబెట్టాను. రెండు శేర్ల బొరుగులు పట్టాయి. పెట్టెను చేతిలో పెట్టుకుని కాదు, కావాలనే అదే పాత దారిన, నా పేరుకే పంపాను.

నలభై నిప్పట్లలో మూడు విరిగాయి. మూడూ పై వరుసలోనివే. ఫోనులో చెబితే అమ్మ, "మూత క్రింద బొరుగులు చాలలేదు, పంచె గుడ్డ మరిచిపోయినాం" అంది.